పాత కంప్యూటర్‌కు కొత్త కంపైలర్

కంప్యూటర్ పాతదైతే దానిమీద నేర్చుకునే చదువు కూడా పాతబడుతుందని చాలామంది అనుకుంటారు. మన హాస్టల్‌లో ఉన్న పెంటియం-4 కంప్యూటర్లను చూసి "వీటితో ఏం నేర్చుకుంటారు?" అని నవ్విన వాళ్ళున్నారు. ఎం.సి.ఎ. చదువుతున్న మేము ముగ్గురం వాటిమీదే సి, సి++ సాధన చేశాం. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. లాప్‌టాప్ కొనివ్వమని కూలికి వెళ్ళే అమ్మానాన్నలను అడగలేం. యంత్రాన్ని మార్చలేకపోయినా కంపైలర్‌ను మార్చుకోవచ్చు కదా అని ఆలోచించాం.

మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేదే కంపైలర్. మనలో చాలామందికి తెలిసినది నీలి తెర టర్బో సి++. బోర్లాండ్ సంస్థ దాన్ని మొదట 1990లో తెచ్చింది. సి++కు అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1998లో. అంటే నియమాలు స్థిరపడక ముందే పుట్టిన కంపైలర్ అది. అందులో 'ఇంట్' అంటే 16 బిట్లు. 32,767 దాటితే పట్టదు. 8 ఫాక్టోరియల్ అడిగితే 40,320 రావలసింది, -25,216 వస్తుంది. అది దాని దోషం కాదు, ఆ కాలపు కొలత.

కానీ నష్టపోయేది మనమే. మా సీనియర్ అన్న ఒకరు ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష రాస్తూ అలవాటుగా 'కోనియో.హెచ్', 'క్లియర్‌స్క్రీన్' వాడారు. అక్కడి కంపైలర్ వాటిని ఒప్పుకోలేదు. లెక్క వచ్చినా, సమయమంతా ఎర్రర్లు దిద్దడానికే సరిపోయింది.

అందుకే మేము మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం. ఉచితంగా దొరుకుతుందా? 512 ఎం.బి. మెమరీలో నడుస్తుందా? నేటి నియమాలు నేర్పుతుందా? టీసీసీ చాలా చిన్నది, వేగం ఎక్కువ. కానీ సి మాత్రమే, సి++ లేదు. 2003లో ఓపెన్ సోర్స్‌గా వచ్చిన ఓపెన్ వాట్‌కామ్ డాస్ ప్రోగ్రాములకు చక్కగా పనికొస్తుంది; సి++ కొత్త నియమాల్లో వెనుకబడింది. డీజేజీపీపీ అయితే జీసీసీని డాస్‌లోకి తెచ్చి 386 మీద కూడా 32 బిట్ల ప్రోగ్రాములు నడిపిస్తుంది. మాకు డాస్ అవసరం లేదు కనుక, జీసీసీనే నేరుగా లినక్స్‌లో పెట్టుకున్నాం. 32 బిట్ల డెబియన్ 12 వేసి, కిటికీలు, బొమ్మలు లేకుండా అక్షరాల తెర మాత్రమే ఉంచాం. మెమరీ సరిపోయింది.

కొంత వదులుకోక తప్పలేదు. 'గ్రాఫిక్స్.హెచ్' లేదు, మౌస్‌తో పని లేదు. ఆదేశాలన్నీ టైపు చేయాలి. మొదటి వారం విసుగే. కానీ 'వాల్' అనే ఆప్షన్ ఇస్తే విలువ ఇవ్వని వేరియబుల్ వంటి అనుమానపు చోట్లను లైను నంబరుతో సహా చూపిస్తుంది. అడిగిన ప్రతిసారీ ఓపికగా దిద్దే మాస్టారు దొరికినట్టే!

తమ్ముళ్ళూ, మీ కాలేజీ ల్యాబ్‌లో టర్బో ఉంటే రికార్డుకు, ప్రాక్టికల్స్‌కు అది నేర్చుకోండి. సాయంత్రం హాస్టల్‌కు వచ్చాక అదే ప్రోగ్రామును జీసీసీలో రాయండి. 'వాయిడ్ మెయిన్' బదులు 'ఇంట్ మెయిన్', 'ఐఓస్ట్రీమ్.హెచ్' బదులు 'ఐఓస్ట్రీమ్' - తేడాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే.

ముందుగా ఫాక్టోరియల్ ప్రోగ్రామే వేసి చూడండి. 8కి సరైన జవాబు వస్తుంది. 12 వరకూ వస్తుంది. 13కి 6,22,70,20,800 రావలసిన చోట 1,93,20,53,504 కనిపిస్తుంది. ఈసారి మైనస్ గుర్తు కూడా ఉండదు, నిజమేననిపిస్తుంది. కంపైలర్ ఎంత కొత్తదైనా జవాబును కాగితం మీద సరిచూసుకునే పని మాత్రం మనదే.