చుక్కాని ఎవరిది, మోకు ఎవరిది?

వేసవి శనివారం పొద్దున స్టోక్ బ్రూర్న్‌లో లాకు పక్కన బెంచీ మీద కూర్చుంటే, వచ్చే పడవల్లో చాలావాటిలో ఒకే ఏర్పాటు కనిపిస్తుంది. వెనక చుక్కాని దగ్గర ఆయన నిలబడి ఉంటాడు. ఆవిడ ఇనప హ్యాండిల్ భుజాన వేసుకుని గట్టు వెంట ముందే నడిచొచ్చి తూములు ఎత్తుతుంది, తలుపులు తెరుస్తుంది, మోకు అందుకుంటుంది. పడవ దాటాక తలుపులు మూసి, గబగబా వెళ్లి ఎక్కుతుంది. ఒక్కో తలుపు టన్నుకు పైనే బరువు. దానికి అమర్చిన దూలానికి నడుము ఆనించి, పాదాలు నేలకి తన్నిపెట్టి వెనక్కి నెడితే గాని కదలదు. ఆ సేపంతా ఆయన చేసేదల్లా ఇంజను మెల్లగా నడుపుతూ చుక్కాని కర్రని ఒంటి చేత్తో అటో ఇటో జరపడం.

"బరువు పని ఆవిడకీ, తేలిక పని ఆయనకీ ఎలా వచ్చాయో ఇవాళ తేలాలి," అంది అక్క.

అక్కంటే మా పెదనాన్నగారమ్మాయి. బావతో కలిసి మిల్టన్ కీన్స్‌లో ఉంటోంది. వాళ్ల ఊరి గుండా పోయేదీ ఈ గ్రాండ్ యూనియన్ కాలవే. పోయిన వేసవిలో ఇద్దరూ పడవ అద్దెకు తీసుకుని వెళ్లారు. ఒడ్డుకు కట్టే దగ్గర మాటామాటా పెరిగి, ఇంటికొచ్చాక కూడా ముభావంగానే ఉన్నారట. మళ్లీ పడవెక్కే ముందు ఇక్కడి పనితనం ఒకసారి చూడాలని బయల్దేరుతూ నన్నూ వెంటబెట్టుకొచ్చారు.

స్టోక్ బ్రూర్న్ నార్తాంప్టన్‌షైర్‌లో చిన్న ఊరు. కాలవకు అటూ ఇటూ రాతి ఇళ్లు, గడ్డికప్పు పబ్బు ఒకటి, పాత ధాన్యపు మిల్లులో 1963లో తెరిచిన కాలవల మ్యూజియం. ఊరికి దక్షిణాన ఏడు లాకులు వరసగా పల్లంలోకి దిగుతాయి. ఉత్తరాన కాస్త దూరం పోతే 1805లో పూర్తయిన బ్లిస్‌వర్త్ సొరంగం, పొడవు 2.8 కిలోమీటర్లు. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగిన నాకు ఈ యంత్రాంగం కొత్తేమీ కాదు. రెండు జతల తలుపులు, నడుమ తొట్టి, నీటి మట్టం సమానమయ్యాక పడవ ముందుకు. అయితే అక్కడ తలుపులు తెరిచి మూయడానికి లస్కర్లు ఉండేవారు. ఇక్కడ పడవవాళ్లే లస్కర్లు. రద్దీ లాకుల దగ్గర కెనాల్ అండ్ రివర్ ట్రస్టు వాలంటీర్లు సాయం పడతారు గాని, ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ సంస్థ చూసుకునే 3,200 కిలోమీటర్ల జలమార్గాల్లో మిగతా చోట్ల ఎవరి తలుపులు వాళ్లే నెట్టుకోవాలి. కాబట్టి పడవకి కనీసం ఇద్దరు కావాలి. ఆ ఇద్దరూ తరచుగా భార్యాభర్తలు.

నారోబోటు అనే ఈ పడవల వెడల్పు ఏడు అడుగుల లోపు, పొడవు డెబ్బై అడుగుల దాకా. ఓ మోస్తరు ఉక్కు పడవ పదిహేను టన్నులు తూగుతుంది. బ్రేకు లేదు, ఆగాలంటే ఇంజను వెనక్కి తిప్పాలి. చుక్కాని కర్రని కుడికి నెడితే ముక్కు ఎడమకు పోతుంది. పడవ నడుం దగ్గర ఇరుసు ఉన్నట్టు తిరుగుతుంది కాబట్టి ముందు భాగం ఒడ్డుకి చేరుతుంటే వెనక భాగం దూరం జరుగుతుంది. వెనక్కి నడిపేటప్పుడు చుక్కాని దాదాపు మాట వినదు. ఇదంతా వినడానికి కష్టంగా ఉన్నా, గంటకు ఆరు కిలోమీటర్లు మించని ప్రయాణంలో చేతికి అలవాటైపోతుంది. కావలసింది చూపు, ఓపిక. కండబలం కాదు.

మరి చుక్కాని మగవాడి సొత్తు ఎలా అయింది? కాలవల సంప్రదాయమే అదేమోనని మ్యూజియంలోకి వెళ్లాం. అక్కడ తెలిసింది వేరు.

రైళ్లు వచ్చి సరుకు రవాణా కిరాయిలు పడిపోయాక, కూలికి మనిషిని పెట్టుకోలేని పడవవాళ్లు భార్యాపిల్లల్నే పడవలోకి తెచ్చుకున్నారు. పది అడుగుల గదిలో సంసారం. ఆ గదుల్లో పిల్లల పరిస్థితి మీద గొడవ రేగాకే 1877లో కెనాల్ బోట్స్ చట్టం వచ్చింది. తర్వాత ఇంజన్లు వచ్చాయి. ఇంజనున్న పడవ వెనక ఇంజను లేని బట్టీ అనే పడవని కట్టి లాగేవారు. మోటారు మీద భర్త, బట్టీ చుక్కాని దగ్గర భార్య. గ్రాండ్ యూనియన్ లాకుల వెడల్పు పద్నాలుగు అడుగులు కాబట్టి రెండూ పక్కపక్కన పట్టేవి. బట్టీలో ఇంజనే లేదు, వెనక్కి తిప్పడానికి ఏముంది? పాతిక టన్నుల బొగ్గుతో వస్తున్న పడవని లాకు గోడకు కొట్టుకోకుండా లోపలికి జార్చి, సరైన క్షణంలో గుంజకి మోకు చుట్టి ఆపాలి. పొయ్యి మీద కూర ఉడుకుతుండగా, చంటిపిల్లని కనిపెట్టుకుంటూ ఆ పని చేసింది ఆడవాళ్లు. ట్రిప్పు డబ్బు మాత్రం కెప్టెన్ చేతికి, అంటే భర్తకి, వచ్చేది. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్లు చాలక శిక్షణ ఇచ్చి దింపిన అమ్మాయిలు, జత పడవలకి ముగ్గురు చొప్పున, లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి ఉక్కు మోసి, తిరుగు దారిలో కోవెంట్రీ వైపు నుంచి బొగ్గు తెచ్చారు. ఆ జతల్లో మగవాడే లేడు.

"అయితే ఇది సంప్రదాయం కాదన్నమాట," అంది అక్క బావకేసి చూస్తూ.

"నేనేం సంప్రదాయం అన్లేదే. కారు నేను నడుపుతాను కదాని పడవా నేనే తీసుకున్నాను," అన్నాడు బావ.

మా ప్రశ్నకి జవాబు అదే. సెలవు పడవల కాలం కారు కాలం కూడా. స్టీరింగు ముందు కూర్చునే అలవాటున్నవాడు చుక్కాని దగ్గరికి నేరుగా నడుస్తాడు. మిగిలిన పని మిగిలినవాళ్లది.

పైలాకు దగ్గర పడవలోనే కాపురముండే వయసు మళ్లిన జంట ఒకటి కనిపించింది. చుక్కాని ఆవిడ చేతిలో ఉంది. తూములు ఎత్తుతున్నది ఆయన. అక్క మాట కలిపింది. "చాలా ఏళ్లు తలుపులే నెట్టానమ్మా," అంది ఆవిడ. "ఈయన మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు వేరే దారిలేక చుక్కాని పట్టాను. ఆ తర్వాత పూర్తిగా తిరిగివ్వలేదు." ఇప్పుడు ఒక లాకులో చుక్కాని ఆవిడది, మరో లాకులో ఆయనది. మోకాలు బాగుంటేనే సుమా.

కేకలు వెయ్యరాదన్నది వాళ్ల మొదటి కట్టుబాటు. చుక్కాని పట్టిన మనిషి కాళ్ల కిందే ఇంజను మోగుతుంటుంది. పడవ అవతలి కొస నుంచి ఏది చెప్పినా అరవాలి. మంచిమాట కూడా ఆ ఇంజను దాటేసరికి తిట్టులా వినబడుతుంది. అందుకే సైగలు. బొటనవేలు పైకెత్తితే తూము తెరవమని, అరచెయ్యి చూపితే ఆగమని, రెండు చేతులూ అడ్డంగా పెడితే తూములన్నీ వెంటనే దించమని.

ఆ చివరి సైగకి అర్థం పడవ దిగుతున్న లాకులో తెలుస్తుంది. ఎగువ తలుపుల కింద నీటిలో రాతి గట్టు ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అదెక్కడిదాకా ఉందో గోడ మీద తెల్లగీత గుర్తు. నీళ్లు దిగుతుండగా పడవ వెనక భాగం ఆ గీత వెనక్కి జరిగిందా, గట్టు మీద చిక్కుకుని ముక్కు కిందికి వాలిపోతుంది. నిమిషాల్లో మునిగిన పడవలున్నాయి. చుక్కాని మనిషి పడవని గీతకి ముందే నిలపాలి. తూము మనిషి కన్ను పడవ మీదే ఉండాలి. అక్కడ హ్యాండిల్ పట్టుకున్నవాళ్లు సహాయకులు కారు, సగం కెప్టెన్లు.

మధ్యాహ్నం చిన్న పడవ ఒకటి అద్దెకు తీసుకున్నాం. అక్క చుక్కాని, బావ మోకు. పోయిన ఏడాది తగువు మొదలైన పని దగ్గరికే ముందు వెళ్దామన్నారు. ఒడ్డు కనబడకముందే మాట్లాడుకున్నారు: ఏ గుంజల మధ్య, ఏ పక్కకి, ఎవరు ఏ మోకుతో దిగాలి. అక్క చాలా ముందే వేగం తగ్గించింది. ముక్కుని ఏటవాలుగా ఒడ్డుకి చేర్చి, కర్ర నెట్టి వెనక భాగాన్ని లోపలికి రప్పించి, ఇంజను వెనక్కి తిప్పింది. ఒడ్డు ఇంకా మూరెడు దూరం ఉండగానే బావ కాలెత్తాడు.

"ఏవండీ, దూకకండి! నేను తెస్తున్నాగా!"

బావ ఆగాడు. పడవ ఒడ్డుకి ఆనాక నడిమి మోకు పట్టుకుని మెట్టు దిగినట్టు దిగాడు. ఉత్త చేతుల్తో పడవని లాగబోతే అదే ఆయన్ని లాగింది. మోకుని గుంజకి ఒక చుట్టు వేసేసరికి బరువంతా గుంజ మోసింది, పడవ నిలబడింది. తర్వాత ముందు మోకు ముందుకి, వెనక మోకు వెనక్కి, ఏటవాలుగా బిగించాడు. పక్కనుంచి వేరే పడవ పోతే నీరు లాగేది ముందుకీ వెనక్కీనే కాబట్టి ఆ రెండే దాన్ని ఆపుతాయి.

"పోయినసారి నువ్వు గట్టు మీద నిలబడి ఎందుకంత ఆలస్యం చేశావో ఇప్పుడర్థమైంది," అన్నాడు బావ మోకు ముడి వేస్తూ. "చుక్కాని దగ్గర్నుంచి చూస్తే గుంజ పక్కనే ఉన్నట్టుంటుంది."

వంతులు మార్చుకోవడానికి న్యాయం కన్నా గట్టి కారణం ఇంకొకటుంది. చుక్కాని మనిషి నిలబడేది పడవ చివరన, తిరిగే ప్రొపెల్లర్‌కి సరిగ్గా పైన. కాలు జారి పడితే, రెండోవాళ్లు మొదట చెయ్యాల్సింది ఇంజను న్యూట్రల్‌లోకి తేవడం. ఆ లీవరు ఎప్పుడూ ముట్టుకోని మనిషి ఆ క్షణంలో ఏం చెయ్యగలదు? పడవ అద్దెకిచ్చేవాళ్లు పాఠం చెప్పేటప్పుడు ఎదురుగా భర్త నిలబడతాడు, భార్య సామాన్లు లోపల సర్దుతుంటుంది. వచ్చే ప్రయాణానికి అక్కా బావా పెట్టుకున్న నియమం చిన్నది: సామాన్లు ఒడ్డునే ఉంటాయి, పాఠం ఇద్దరూ వింటారు, లీవరు ఇద్దరూ తిప్పి చూశాకే పడవ కదులుతుంది.