కాలి బొటనవేలి పట్టు

హంస ఎగిరిపోయింది. మాట వరసకు అనడం లేదు, నిజంగానే ఎగిరిపోయింది. హన్మకొండలో మా మేడమీది గదిలో ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కాకతీయ తోరణం బొమ్మ చేస్తున్నాను. స్తంభాలు తెగాయి, అడ్డదూలం తెగింది. ఇక మిగిలింది పైన అతికించాల్సిన హంసలు. మొదటి హంస చుట్టూ కట్టర్ తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది. చివరి వెంట్రుకవాసి చెక్క తెగిందో లేదో, టప్పుమని చప్పుడు. హంస లేచి కిటికీ చువ్వను కొట్టుకుని పక్కింటి రేకుల మీద పడింది. ఓరుగల్లు కోటలో ఎండకూ వానకూ చలించకుండా శతాబ్దాలుగా రాతిలో కూర్చున్న పక్షికి నా చేతిలో పడగానే రెక్కలొచ్చాయి.

నా దగ్గరున్నది చిన్న సీఎన్‌సీ రౌటర్. ఈ రకాన్ని 3018 అంటారు. బల్ల 30 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు. కంప్యూటర్‌లో గీసిన గీత వెంబడే నిమిషానికి వేల చుట్లు తిరిగే కట్టర్ నడుస్తుంది. కొనేముందు మోటారు శక్తి ఎంతని అడిగాను, గీత ఎంత సన్నగా వస్తుందని అడిగాను, ఏ చెక్కలు కోస్తుందని అడిగాను. కోస్తున్నంతసేపూ చెక్కను ఎవరు పట్టుకుంటారని మాత్రం అడగలేదు. డబ్బాలో నాలుగు ఇనుప క్లాంపులు వచ్చాయి, చాలనుకున్నాను.

మిషన్ కొత్తలో మా వడ్ల కాక చూడవచ్చాడు. మా ఇంటి దర్వాజాలు చేసిన మనిషి, ఇప్పుడు డెబ్బై దాటాయి. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కింద కూడా చూశాడు. "ఇన్ని పైసలు పెట్టి తెచ్చినవ్, దీనికి కాలే లేకపాయె గద బిడ్డా!" అన్నాడు. మిషన్ కింది రబ్బరు కాళ్లు చూపించబోయాను. "గవి కాదు" అని తన ఎడమకాలి బొటనవేలు ఆడించాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఆయన మా వాకిట్లో నేల మీద గొంతుక్కూర్చుని పని చేసేవాడు. బల్ల లేదు, వైస్ లేదు. చెక్క ఒక కొసను ఎడమకాలి మడమతో తొక్కి, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించి, ఉలితో తొలిచేవాడు. ఉలి సూటిగా వేళ్ల వైపే వస్తుంటే నేను కళ్లు మూసుకునేవాణ్ని. ఆయన మాత్రం అమ్మ తెచ్చిన చాయ్ ఎట్లుందో చెబుతూనే కొట్టేవాడు. ఆ కాలు పట్టుకోవడంతో ఊరుకునేది కాదు. చెక్క ఎక్కడ అదురుతోందో ఆ మడమకు తెలిసేది. అదిరితే బిగించేది, తిప్పాల్సి వస్తే సడలించేది. దెబ్బ పడే చోటికి అడ్డంగా ఉంటే వేలు తనే జరిగేది. క్లాంపులో ఈ గుణాలు ఒక్కటీ లేవు.

లేవన్నది నాకు రెండో వారంలోనే తెలిసింది. పలక నాలుగు మూలలా క్లాంపులు బిగించి, పూలతీగ డిజైన్ ఒక అంచుకు ఎంత దగ్గరగా ఉందో చూసుకోకుండా మీట నొక్కాను. కట్టర్ వెళ్లి ఇనుప క్లాంపును కొట్టింది. మూడు మిల్లీమీటర్ల కట్టర్, పుటుక్కున విరిగింది. ఈ చిన్న మిషన్లకు తామెక్కడున్నదీ తెలియదు. "పది అడుగులు కుడికి" అంటే వేశాననే అనుకుంటాయి, మధ్యలో గోడ అడ్డొచ్చినా సరే. అలా లెక్క తప్పిన మిషన్, విరిగిన మొండితో మిగతా పూలతీగనంతా సెంటీమీటరు పక్కకు జరిగి ఎంతో శ్రద్ధగా గాల్లో చెక్కింది. నేను కింద టిఫిన్ తింటున్నాను. ఆ తర్వాత ప్లైవుడ్ ముక్కలతోనే క్లాంపులు చేసుకున్నాను. కట్టర్ వచ్చి తగిలినా వాటినే కాస్త కొరుకుతుంది, తను బతుకుతుంది.

బిగించడంలోనూ ఒక కిటుకుంది. క్లాంపు ముందు మూతి చెక్క మీద, వెనక మడమ ఒక దిమ్మె మీద, మధ్యలో బోల్టు. దిమ్మె చెక్క కన్నా రవ్వంత ఎత్తుండాలి. తక్కువైతే మూతి పైకి లేచి, క్లాంపు చెక్క అంచును మాత్రమే నొక్కుతుంది, చెక్క జారిపోతుంది. బోల్టు చెక్కకు దగ్గరగా ఉండాలి. దిమ్మె దగ్గరుంటే మన బలమంతా దిమ్మెకే పోతుంది. నేను చాన్నాళ్లు దిమ్మెనే గట్టిగా పట్టుకున్నాను.

సరిగ్గా బిగించినా పలుచని ప్లైవుడ్ ఊరుకోదు. అంచులు నొక్కితే నడుమ అప్పడంలా పొంగుతుంది. మామూలు కట్టర్ మరలు పొట్టును పైకి తోడుతూ చెక్కను కూడా తమతో లాక్కుంటాయి. మరలు తిరగేసి ఉన్న కట్టరైతే చెక్కను కిందికి నొక్కుతుంది కానీ పొట్టును గాడిలోనే కూరి వేడెక్కుతుంది. ఇక చెక్క కింద వేసే ఎండీఎఫ్ పలక. దాన్ని ముందుగా ఆ మిషన్‌తోనే గీకించి చదును చేసుకోవాలి, నాటుకు ముందు దమ్ము చేసిన మడిని చదును చేసినట్టు. మడి ఎత్తుపల్లాలుంటే నీళ్లు ఒకచోట మోకాలి లోతు, ఇంకోచోట పొడి. ఇక్కడ అక్షరాలు ఒకచోట లోతు, ఇంకోచోట మాయం.

నాకు చివరికి అచ్చొచ్చింది రంగులవాళ్లు గోడ అంచులకు వేసే మాస్కింగ్ టేపు. బల్ల మీద ఒక వరస, చెక్క వీపు మీద ఒక వరస అంటించి, ఆ రెండు టేపుల నడుమ ఫెవిక్విక్ బొట్లు వేసి నొక్కాలి. జిగురు టేపుకు అంటుతుంది, చెక్కకు మరక పడదు. పనయ్యాక అరటితొక్కలా ఊడొస్తుంది. క్లాంపుల గొడవే లేదు, కట్టర్ ఎక్కడికైనా వెళ్లొచ్చు. దీనికి ముందు రెండువైపులా అంటుకునే టేపు వాడాను. చలికాలమంతా బాగుంది. మే నెల వచ్చింది. వరంగల్ మే గురించి వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. రేకుల కింద ఆ గదిలో టేపు జిగురు బెల్లప్పాకమై, చెక్క బల్ల మీద నత్తలా జరగడం నా కళ్లతో చూశాను.

ఒకసారి ఊరినుంచి వచ్చిన చుట్టాలను వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లాను. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. అందరూ చెక్కడం చూసి ఆశ్చర్యపోతుంటే, నల్లరాతి నంది దగ్గర నిలబడి నేను వేరే సంగతికి అసూయపడ్డాను. ఆ శిల్పికి క్లాంపు బెడద ఉండి ఉండదు. అంత రాయిని కదిలించాలంటేనే ఒక ఊరు కావాలి. ఉలి దెబ్బకు కదలకుండా రాయిని దాని బరువే పట్టుకుంటుంది. మా బాధంతా బరువులేని వాటితో. తేలికైన చెక్క, దాని మీద తిరిగే బలమైన మోటారు.

బరువు లేకపోతే గాలి బరువు వాడుకోవచ్చని పెద్ద మిషన్లవాళ్లు వ్యాక్యూమ్ బల్లలు పెట్టుకుంటారు. గాలి మన అందరి మీదా చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో చొప్పున ఒత్తుతుంది. చెక్క అడుగున గాలి తీసేస్తే పైగాలే దాన్ని తొక్కిపెడుతుంది. ఇంట్లో పాత వ్యాక్యూమ్ క్లీనర్ ఉంది, అది ఐదో వంతు గాలి లాగినా చాలు, 15 సెంటీమీటర్ల చదరపు పలక మీద 45 కిలోలు. కాగితం మీద లెక్క అద్భుతంగా ఉంది. అదే లెక్క నాలుగు సెంటీమీటర్ల పొడవు, మూడు వెడల్పు ఉన్న హంసకు వేస్తే రెండున్నర కిలోలు కూడా రాలేదు. పైగా కట్టర్ అడుగుదాకా కోసిన ప్రతి గీతలోంచీ గాలి దూరుతుంది. అంటే చెక్కకు పట్టు ఎక్కువ కావాల్సిన ఘడియలోనే సడలుతుందన్నమాట. గాలి ఆడక ఆ క్లీనర్ మోటారు మాడిపోయింది. మా ఆవిడ ఆ విషయం ఇప్పటికీ పండగలకు గుర్తుచేస్తుంది.

వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో జనగామ దాటగానే పెంబర్తి వస్తుంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద దేవుళ్లనూ లతలనూ కొట్టడం మీరు చూసే ఉంటారు. రేకును వాళ్లు దేనితోనూ బిగించరు. కరిగిన లక్క మీద అంటిస్తారు. చల్లారితే లక్క రాయిలా పట్టుకుంటుంది. కానీ ఉలి మీద సుత్తి పడ్డప్పుడు రేకు ఎంత దిగాలో అంతా దిగనిస్తుంది, చిరగనివ్వదు. పనయ్యాక సెగ చూపితే వదిలేస్తుంది. ఇంత తెలివైన క్లాంపు నేను ఏ దుకాణంలోనూ చూడలేదు. మనం పట్టూవిడుపూ ఉండాలని మనుషుల గురించి చెప్పుకుంటాం. ఇది నిజానికి ఆ లక్క పరుపు గురించి చెప్పాల్సిన మాట. నా టేపూ ఫెవిక్విక్కూ ఆ లక్కకు పేద చుట్టాలే.

అయినా హంస సమస్య తీరలేదు. చుట్టూ తెగిపోయిన చిన్న ముక్కను ఏ టేపూ నమ్మకంగా ఆపదు. దీనికి మందు కోతలోనే ఉంది. గీతను పూర్తిగా తెగనివ్వకుండా రెండుమూడు చోట్ల సన్నని వంతెనలు వదలాలి. ట్యాబులంటారు, నేను తొడిమలంటాను. అవి ఉన్నంతసేపూ హంస చెట్టుకున్న కాయలాగా పలకనే పట్టుకుని ఉంటుంది. మొన్న అలాగే రెండు హంసలను కోశాను. రెండూ కదలకుండా కూర్చున్నాయి. కానీ తొడిమలు కోయడం దగ్గర నా చెయ్యి వణికింది. ఒక హంస మెడ పక్కనే తొడిమ, బ్లేడు జారితే మెడే పోతుంది. ఇంత బుల్లి ముక్కను వైస్‌లో బిగిస్తే నలుగుతుంది, చేత్తో పట్టుకుంటే వేలు తెగుతుంది.

సాయంత్రం కాక వచ్చాడు. ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "గింతేనా" అన్నాడు. చెప్పులు విడిచి నేల మీద కూర్చున్నాడు. హంసను నేలకు ఆనించి బొటనవేలితో తొక్కిపట్టి, సంచిలోంచి సన్న ఉలి తీశాడు. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.