థేమ్స్ ఒడ్డున ఒక ఆటస్థలం



లండన్ నగరం చూడబోయినవారు థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున తప్పక కొంతదూరం నడుస్తారు. వాటర్లూ రైల్వే స్టేషన్‌లో దిగి నదివైపు కొద్ది నిమిషాలు నడిస్తే సౌత్‌బ్యాంక్ సెంటర్ అనే పెద్ద కళాకేంద్రం కనబడుతుంది. 1951లో తెరచిన రాయల్ ఫెస్టివల్ హాలు, 1967లో తెరచిన క్వీన్ ఎలిజబెత్ హాలు, 1968లో తెరచిన హేవార్డ్ చిత్రశాల అక్కడే ఉన్నాయి. సంగీత కచేరీలకు, చిత్ర ప్రదర్శనలకు జనం టిక్కెట్లు కొనుక్కొని లోపలికి వెళ్తుంటారు. అయితే నేను మీకు చెప్పదలచింది ఆ హాళ్లను గురించి కాదు. క్వీన్ ఎలిజబెత్ హాలు అడుగున, టిక్కెట్టు లేకుండా ఎవరైనా వెళ్లగలిగిన ఒక చోటును గురించి. దానిని అక్కడివారు అండర్‌క్రాఫ్ట్ అంటారు. కట్టడపు అడుగుభాగమని దాని అర్థం.

పైకప్పు తక్కువ ఎత్తు. పుట్టగొడుగుల ఆకారంలో లావుపాటి కాంక్రీటు స్తంభాలు. గోడల నిండా రంగురంగుల రాతలు, బొమ్మలు. నేల అక్కడక్కడా ఏటవాలుగా లేచి ఉంటుంది. ఎండైనా వానైనా అక్కడ చక్రాల చప్పుడు వినబడుతూనే ఉంటుంది. పదేళ్ల పిల్లలు మొదలుకొని తల నెరసినవారి వరకు స్కేట్‌బోర్డుల మీద జారుతూ, ఎగురుతూ, పడుతూ, మరల లేస్తూ ఉంటారు.

స్కేట్‌బోర్డు అంటే ఏమిటో మన పల్లెల్లో చాలామందికి తెలియకపోవచ్చు. అది రెండు మూరలకు కొంచెం తక్కువ పొడవు, జానెడు వెడల్పు ఉన్న చెక్క పలక. దాని క్రింద నాలుగు చిన్న చక్రాలుంటాయి. ఒక కాలు పలకమీద పెట్టి, రెండవ కాలితో నేలను తన్నుతూ ముందుకు పోవాలి. అమెరికాలో కాలిఫోర్నియా సముద్రతీరాన అలలపై పలకలతో ఆడుకొనే యువకులు, 1950ల కాలంలో ఆ ఆటను నేలమీదికి తెచ్చారు. 1970ల ఆరంభంలో యురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన చక్రాలు వచ్చాక పలక నేలను గట్టిగా పట్టుకొని మెత్తగా సాగింది. ఆట దేశదేశాలకు పాకింది.

ఎవరూ కట్టించని ఆటస్థలం

గమనించదగిన విషయమేమనగా, అండర్‌క్రాఫ్ట్‌ను ఆటకోసం ఎవరూ కట్టలేదు. పైనున్న హాలును కట్టినప్పుడు అడుగున మిగిలిన ఖాళీ అది. 1970ల తొలినాళ్లలో లండన్ కుర్రవాళ్లు ఆ నున్నని నేలను, ఏటవాలు గట్లను, పైన కప్పును చూచి, ఇది మనకోసమే ఉన్నదన్నట్టు ఆడసాగారు. అప్పటినుండి తరాలు మారినా ఆట ఆగలేదు. పెద్దవారు చిన్నవారికి నేర్పారు. రుసుము లేదు, గురువు లేడు, గేటు లేదు. డబ్బున్న ఇంటి పిల్లవాడు, లేని ఇంటి పిల్లవాడు ఒకే గట్టుమీద తమ వంతుకోసం నిలబడ్డారు. అందుచేత బ్రిటన్‌లో ఈ ఆటకు అది పుట్టినిల్లు వంటిదయింది.

కాని వాడుకొనేవారికి విలువైనది, యజమానులకు ఖాళీ జాగాగా కనబడడం లోకంలో కొత్త కాదు. 2004, 2005 సంవత్సరాల్లో ఆ స్థలంలో అధిక భాగానికి అడ్డుగా పలకలు బిగించి మూసివేశారు. ఆడుకొనేవారికి మిగిలింది మూడింట ఒక వంతు మాత్రమే. చిన్న గట్లు అని పిలుచుకొనే ఏటవాలు భాగం అడ్డుగోడ వెనుక చీకటిలో పడిపోయింది.

బల్ల వేసి కూర్చున్నారు

2013 మార్చిలో సౌత్‌బ్యాంక్ సెంటర్ ఒక పెద్ద నిర్మాణ పథకాన్ని ప్రకటించింది. దాని ప్రకారం అండర్‌క్రాఫ్ట్‌లో దుకాణాలు, హోటళ్లు వస్తాయి. స్కేట్‌బోర్డువారికి దగ్గరలోనే హంగర్‌ఫర్డ్ వంతెన క్రింద కొత్త చోటు కట్టి ఇస్తారు. న్యాయంగా చెప్పాలంటే, ఆ సంస్థ వాదనలోనూ కొంత అర్థమున్నది. పాతబడిన హాళ్లను బాగుచేయాలి, దానికి డబ్బు కావాలి, దుకాణాల అద్దె ఆ ఖర్చుకు ఆధారమవుతుందని వారన్నారు.

ఆటగాళ్లు మాత్రం, "కొత్త చోటు ఎంత బాగున్నా అది ఇది కాదు" అన్నారు. నలభై ఏళ్ల జ్ఞాపకాలను పెకలించి వేరొకచోట నాటలేమన్నది వారి మాట. వారు 'లాంగ్ లివ్ సౌత్‌బ్యాంక్' అనే పేరుతో ఒక సంఘంగా కూడారు. అప్పుడు వారు చేసిన పని చాలా సాదాది. ఆటస్థలం ముందే ఒక బల్ల వేసుకొని కూర్చున్నారు. నది ఒడ్డున పోయేవారిని ఆపి, ఓపికగా సంగతి వివరించి, పేర్లు వ్రాయించుకొన్నారు. ఆ విధంగా 1,50,000 మందికి పైగా వారి పక్షాన నిలిచారు. నిర్మాణ పథకానికి అభ్యంతరం తెలుపుతూ స్థానిక పాలక సంస్థయైన లాంబెత్ కౌన్సిల్‌కు 27,000కు పైగా ఉత్తరాలు చేరాయి. పలకలు పట్టుకొని తిరిగే ఆకతాయిలని లోకం అనుకొన్నవారే చట్టాలు చదివారు, న్యాయవాదులను కలిశారు, సభల్లో మర్యాదగా మాట్లాడారు.

మన గ్రామస్థులకు ఆసక్తి కలిగించే మరొక విషయమున్నది. ఇంగ్లండు చట్టంలో 'విలేజ్ గ్రీన్' అనే ఏర్పాటు ఉంది. ఒక స్థలంలో ఆ ప్రాంతపు ప్రజలు ఇరవై ఏళ్లపాటు, ఎవరి అనుమతీ అడగకుండా, బలవంతం లేకుండా, దాపరికం లేకుండా ఆటపాటలకు వాడుకొంటే, దానిని ఊరి ఉమ్మడి పచ్చికగా నమోదు చేయమని అడగవచ్చు. ఆటగాళ్లు ఈ కాంక్రీటు నేలకు ఆ హక్కును కోరారు! పచ్చిక ఒక్క పరకైనా లేకపోయినా, వాడుక ఉన్నదిగదా అన్నారు.

2014 జనవరిలో అప్పటి లండన్ మేయరు బోరిస్ జాన్సన్, ఆటస్థలం ఉన్నచోటనే ఉండాలని తెలిపారు. పథకం ఆగిపోయింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఇరుపక్షాలు ఒప్పందానికి వచ్చాయి. స్థలం ఆటకే ఉంటుంది, కోర్టు తగాదాలు ముగుస్తాయి.

వైరులు కలిసి కట్టారు

ఇంతటితో కథ ముగిస్తే అది గెలుపు కథ మాత్రమే. నాకు ఎక్కువగా నచ్చినది దాని తరువాతి భాగం. నిన్నటివరకు ఎదురెదురుగా నిలిచినవారు, మూతపడిన భాగాన్ని మరల తెరవడానికి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఫీల్డెన్ క్లెగ్ బ్రాడ్లీ అనే వాస్తుశిల్పుల సంస్థ నమూనాలు గీసింది. 2017లో ఇరుపక్షాలు కలిసి 7,90,000 పౌండ్ల లక్ష్యంతో ప్రజలనుండి చందాలు ఆరంభించాయి. చిన్న మొత్తాలు ఇచ్చినవారున్నారు, పెద్ద మొత్తాలు ఇచ్చినవారున్నారు. 2019 జులైలో అడ్డుగోడలు పోయి, చిన్న గట్లు మరల వెలుగు చూచాయి. సుమారు 400 చదరపు మీటర్ల స్థలం తిరిగి వచ్చింది. దాని ప్రక్కనే పిల్లలు, యౌవనస్థులు నేర్చుకొనేందుకు ఒక గదిని కూడ ఆ పథకంలో చేర్చారు. దుకాణాలు రాకపోయినా, 2018లోనే పైనున్న క్వీన్ ఎలిజబెత్ హాలు కూడ బాగుపడి తెరుచుకొన్నది. పైవారి సంగీతం, క్రిందివారి చక్రాలు రెండూ నిలిచాయి.

వ్యాజ్యం గెలవడం ఒక ఎత్తు. గెలిచాక ఎదుటివానితో కలిసి ఇటుక పేర్చడం మరొక ఎత్తు. ఆ రెండవదానికి ఎక్కువ సహనం కావాలి.

మన ఊళ్లలో స్కేట్‌బోర్డులు లేకపోవచ్చు. కాని బడి వెనుక కబడ్డీ ఆడే జాగా ఉన్నది, చెరువుగట్టు క్రింద వాలీబాల్ నెట్టు కట్టే చోటున్నది. ఏటేటా ఒక ప్రక్క కంచె, ఒక ప్రక్క చెత్తకుప్ప ముందుకు జరిగి, ఆ చోటు కుంచించుకుపోతుంటే, "ఖాళీ స్థలమేగదా" అని మనమూ ఊరకుంటున్నాము. అది ఖాళీ స్థలం కాదు, మన పిల్లలు పెరిగే చోటు. పెద్దలారా, ఈ సెలవుల్లో ఒక సాయంత్రం మీ యౌవనస్థులతో కలిసి అక్కడికి వెళ్లండి. ముళ్లకంప తీయండి, గుంటలు పూడ్చండి. పంచాయతీవారితోను ప్రక్క పొలంవారితోను నెమ్మదిగా మాట్లాడండి. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కొంత ఓపిక ఉంటే పని ఆరంభించవచ్చు.