ఆదివారపు సంతలో ఇటుకల ఆట

పుదుచ్చేరిలో పాతదనానికి లోటు లేదు. సముద్రతీరాన ఫ్రెంచివారి మేడలు, కాలువకు ఇవతల అరుగులున్న తమిళ ఇళ్లు ఎన్నో శ్రద్ధగా కాపాడబడుతున్నాయి. కాని ఆదివారం నాడు మహాత్మాగాంధీ వీధిలో సాగే సంతలో మరొక పాతదనం ఉన్నది. దానికి సంరక్షకులు లేరు.

బట్టలు, బొమ్మలు, పాత సామానుల నడుమ ఓపికగా వెదికేవారికి ఒక్కొక్కప్పుడు అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ఆటపెట్టె తటస్థపడవచ్చు. 1990వ దశకంలో బాల్యం గడిపినవారికి దానిని చూడగానే బొటనవ్రేళ్లు వాటంతట అవే కదులుతాయి. పైనుండి రాలే ఇటుకలను వరుసగా పేర్చడమే ఆట. పెట్టెపై 9999 ఆటలని ముద్రించి ఉండేది. నిజానికి ఉన్నవి కొన్నే, మిగిలినదంతా వేగాల లెక్క!

ఈ బొమ్మల వంశం చవకదనంలోనే పుట్టింది. జపాన్‌లో నింటెండో సంస్థకు చెందిన గున్‌పే యోకోయ్, కాలిక్యులేటర్ల వల్ల చవకబడిన తెరలతో 1980లో చేతి ఆటలు రూపొందించాడు. పాతబడిన పరికరాన్ని కొత్తగా వాడుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. ఇటుకల ఆటకు మూలమైన టెట్రిస్‌ను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ సృష్టించాడు. 1989లో వచ్చిన గేమ్ బాయ్ మన మధ్యతరగతి ఇళ్లకు అందని పండు. ఆ లోటును చైనా అనుకరణలు తీర్చాయి.

తరువాత ఆట ఫోనులోకి ప్రవేశించింది. 1997లో నోకియా 6110 కోసం తనేలీ అర్మాంతో పాము ఆటను తయారుచేశాడు. పాము గోడకు తగిలినా, తన తోకనే కరచుకొన్నా ఆట ముగిసేది. పుదుచ్చేరికి ఉత్తరాన, శ్రీపెరుంబుదూరులో 2006లో ఆరంభమైన నోకియా కర్మాగారం కోట్ల ఫోనులను తయారుచేసి, 2014లో మూతబడింది.

చవక వస్తువును ఎవరూ దాచరు, చెడితే పారవేస్తారు. అందుకే అది అన్నిటికన్న ముందు మాయమవుతుంది. ఈ సత్యం పుదుచ్చేరికి కొత్త కాదు. పట్టణానికి దక్షిణాన ఉన్న అరికమేడులో రెండు వేల ఏళ్ల క్రితమే గాజుపూసలు తయారై దూరదేశాలకు ఎగుమతి అయ్యేవి. 1937లో జూవో దుబ్రయ్ అనే ఫ్రెంచి పండితుడు అక్కడి పిల్లల వద్ద పూసలు, రాళ్లు కొన్నాడు. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపి, రోముతో సాగిన వర్తకాన్ని లోకానికి చాటాడు. పెద్దలు విడిచిన చరిత్రను మొదట పిల్లలే ఏరుకొన్నారు.

ఆ పూసలకు నేడు మ్యూజియంలో చోటున్నది. ఇటుకల ఆటకు మాత్రం ప్రస్తుతానికి వీధిలో పరచిన పట్టాయే ఆశ్రయం.