చల్లగాలి – తడిగాలి

బందరులో వేసవి రెండు విధాల బాధిస్తుంది. సూర్యుడు పైనుండి కాలుస్తాడు. సముద్రం ప్రక్కనుండి చెమట పట్టిస్తుంది. అనంతపురం ప్రాంతంలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా ఈ తీరానికి చేరిన నాకు మొదటిది బాల్యమిత్రమే. రెండవదానితో ఇప్పటికీ స్నేహం కుదరలేదు. నా గదిలోని కంప్యూటరుకు కూడ కుదిరినట్లు లేదు.

ఆ యంత్రంలో నా పన్నెండేండ్ల శ్రమ ఉన్నది. ఒక ప్రాచీన కావ్యపు తాళపత్ర ప్రతులను పోల్చి, పాఠభేదాలను గుర్తించి, పద్యం వెంట పద్యం అందులో ఎక్కించుకొన్నాను. వైశాఖమాసపు మధ్యాహ్నాలలో దాని ఫ్యాన్లు హోరుమంటూ, పని మందగిస్తూ ఉంటే, సెలవులకు వచ్చిన మా మేనల్లుడు ఒక ఉపాయం చెప్పాడు.

"మామయ్యా! పెట్టె ప్రక్కరేకు ఊడదీసి, ఏసీ గాలిని గొట్టంతో నేరుగా లోపలికి పంపిద్దాం. మంచులా ఉంటుంది."

"ఆ మంచంటేనే నాకు భయంరా" అన్నాను.

కంప్యూటరు కోరేది అతిశీతలమైన గాలిని కాదు, కదిలే గాలిని. లోపలి ప్రాసెసరులో పుట్టిన వేడి లోహపు రేకులకు ప్రాకుతుంది. ఫ్యాను ఆ వేడిని గాలిలోకి నెట్టివేస్తుంది. నేటి ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దరిదాపులకు చేరితే గాని తమంత తాము వేగం తగ్గించుకోవు. అంతటి వేడికి 28 డిగ్రీల గదిగాలి సైతం చల్లనిదే. అది ముందునుండి ప్రవేశించి, వెనుకనుండి వెడలిపోవాలి. మన మండువా లోగిళ్ళను కట్టిన మేస్త్రీలకు ఈ మర్మం తెలుసు: వాకిటి గుండా వచ్చిన గాలి వేడెక్కి మండువాలోనుండి పైకి పోతుంది. ప్రక్కరేకు ఊడదీయడమంటే గోడ పడగొట్టడమే. గాలి దారి తప్పుతుంది, దుమ్ము మాత్రం దారి కనుగొంటుంది.

ఇక తడి సంగతి. ఐసునీళ్ళు పోసిన గ్లాసు బయట చెమర్చడం అందరూ చూసినదే. 35 డిగ్రీల వేడి, 60 శాతం తేమ గల గాలి, సుమారు 26 డిగ్రీలకంటె చల్లనైన వస్తువును తాకితే నీటిబిందువులుగా మారుతుంది. యంత్రం నడుస్తున్నంతసేపు లోపలి భాగాలు గాలికంటె వేడిగా ఉంటాయి కనుక వాటికి భయం లేదు. వేసవిలో కరెంటు పోతుంది, అక్కడే చిక్కు. గొట్టపు గాలితో చల్లబడిన లోహంమీదికి, తలుపు తెరవగానే సముద్రపు గాలి వస్తుంది. తీగెల కొనలమీద తడి చేరుతుంది. కరెంటు తిరిగి వచ్చేసరికి ఆ తడి ఆరి ఉండాలని నియమమేమీ లేదు కదా!

పోనీ, ఎయిర్ కూలరు పెడదామన్నాడు. వట్టివేళ్ళ తడిక గుండా వచ్చే ఆ గాలి అనంతపురంలో అమృతం. పొడిగాలి నీటిని పీల్చుకొని చల్లబడుతుంది. బందరులో గాలి ముందే తడిసి ఉంటుంది. చల్లదనం కొంచెం, తేమ బండెడు. లోపలి దుమ్ము ఆ తేమకు ముద్దకట్టి తుప్పును పిలుస్తుంది. ఏసీ అలా కాదు, గాలిలోని నీటిని తీసివేస్తుంది. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు 1902లో దానిని రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో తేమకు కాగితాలు సాగకుండా ఉండటానికి. పుస్తకాలవాడినైన నాకు ఈ కథ అంటే ఒకింత పక్షపాతం.

కాబట్టి గొట్టం మానుకొన్నాము. ప్లగ్గు తీసివేసి, పెట్టె విప్పి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపాము. లోహపు రేకుల నడుమ దూదిపింజల వలె పేరుకొని ఉన్నది. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరిగి పాడుకాకుండా వాడు వేలితో పట్టుకొన్నాడు. తిరిగి మూసి, పెట్టెను గోడకు జానెడు ఎడంగా జరిపాము. తలుపులు మూసి, గదినంతటినీ 26 డిగ్రీలకు చల్లబరిచాము. హోరు తగ్గింది.

సెలవులు ముగిసి వాడు తన కంప్యూటరును ఏసీ కారులో విశాఖకు తీసుకొనిపోతుంటే, చేరగానే ప్లగ్గు పెట్టవద్దని, కొన్ని గంటలు అలాగే ఉంచమని చెప్పాను.

"చెమర్చే గ్లాసు కథే కదా మామయ్యా!" అని నవ్వి కారెక్కాడు.