డ్యామ్ లేదు, నది మాట వింటోంది

చెంగ్దు వెళ్లేవాళ్లు చాలామంది పాండాల్ని చూసి, హాట్‌పాట్ తిని వచ్చేస్తారు. ఇంకొక్క రోజుంటే దుజియాంగ్‌యాన్ వెళ్లండి. హైస్పీడ్ రైల్లో అరగంట పైచిలుకు ప్రయాణం. టికెట్‌కి పాస్‌పోర్ట్ కావాలి. ఫోన్‌లో అలీపే ఉంటే మిగతాదంతా నడిచిపోతుంది.

ధవళేశ్వరం చూస్తూ పెరిగిన నాలాంటివాడి కళ్లు అక్కడ ముందు ఆనకట్ట కోసమే వెతుకుతాయి. మిన్ నదికి అడ్డంగా ఏమీ ఉండదు. నది మధ్యలో, నిలువునా ఒక గట్టు. దాని మొన చేప మూతిలా ఉంటుంది, పేరు కూడా అదే: యూజుయ్. (పక్కన కనిపించే గేట్లు గత శతాబ్దంలో పెట్టినవి, పాత డిజైన్‌లో లేవు.)

క్రీ.పూ. 256 ప్రాంతంలో చిన్ రాజ్యం తరఫున ఇక్కడ గవర్నర్‌గా ఉన్న లీ బింగ్ కట్టించాడు. గట్టు దగ్గర నది రెండు పాయలవుతుంది. లోపలి పాయ ఇరుకు, లోతు. బయటిది వెడల్పు, మెరక. నీళ్లు తక్కువున్నప్పుడు దాదాపు 60 శాతం లోపలికి, అంటే పొలాల వైపు పోతాయి. వరదొస్తే లెక్క తిరగబడి 60 శాతం బయటికి. ఇఫ్-ఎల్స్ కండిషన్‌ని నది అడుగునే రాసేశారన్నమాట!

లోపలి పాయ కొండని చీల్చిన ఓ సందులోంచి మైదానంలోకి వెళ్తుంది. వెడల్పు సుమారు 20 మీటర్లు. అప్పటికి మందుగుండు లేదు. రాయిని మంటపెట్టి కాల్చి, నీళ్లు పోసి పగలగొట్టారంటారు. ఆ సందులో పట్టని నీళ్లు పక్కనున్న పొట్టి గట్టు దాటి బయటి పాయలో పడతాయి, ఇసుకనీ రాళ్లనీ ఈడ్చుకుపోతాయి.

నాకు బాగా నచ్చింది మాత్రం మెయింటెనెన్స్. ఇసుక లోతుగా తవ్వు, గట్టు ఎత్తు పెంచకు అనేది ఇక్కడి పాత రూలు. ఎక్కువ నీళ్లకి ఆశపడి గట్టు లేపితే వరద దాటదు, ఇసుక లోపలే పేరుకుంటుంది. ఎంత లోతు తవ్వాలో తెలియడానికి నది అడుగున ఇనుప కడ్డీలు పాతారు. అవి బయటపడేదాకా తవ్వాలి. పాత రోజుల్లో గట్లు కట్టింది రాళ్లు నింపిన వెదురు బుట్టలతో. వెదురు కుళ్లిపోతుంది, మళ్లీ అల్లాల్సిందే. మా ఆఫీసుల్లో కొత్త ఫీచర్ లాంచ్ చేసినోడికే కేకు కోస్తారు. పాత కోడ్ శుభ్రం చేసేవాణ్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఆ పని 2,200 ఏళ్లుగా సాగింది.

2008 భూకంపంలో పక్కనున్న అర్‌వాంగ్ గుడి బాగా దెబ్బతింది. చేప మూతికి పగుళ్లొచ్చాయి, నీళ్లు మాత్రం ఆగలేదు. అలాగని ఇవాళ్టి క్రెడిట్ మొత్తం లీ బింగ్‌కే ఇచ్చేయలేం. కొద్ది కిలోమీటర్ల ఎగువన జిపింగ్‌పూ అనే పెద్ద డ్యామ్ వచ్చేసింది. వరదనీ ఇసుకనీ ముందు అదే ఆపుతోంది.

అన్‌లాన్ వేలాడే వంతెన మీంచి చూస్తే రెండు పాయలూ ఒకేసారి కనిపిస్తాయి. జనం ఎక్కువైతే బాగా ఊగుతుంది. అక్టోబర్ మొదటి వారం మాత్రం వద్దు, చైనా మొత్తానికి సెలవులు.