పాత కంప్యూటరు, అత్తగారి పాటలు

మా యింట ముందుగదిలో నొక మూల 2004వ సంవత్సరమున కొన్న కంప్యూటరు కలదు. దానిపై మా యత్తగారు స్వయముగా కుట్టిన తెల్లని గుడ్డముసుగు నేటికిని ఉన్నది. అరచేతిలో నిముడు ఫోనులతో పిల్లలు సకలకార్యములును నడపుకొనుచున్న యీ కాలమున, అంత పెద్దడబ్బా యేల దాచితిరని బంధువులు పలుమారు లడిగిరి. మేము నవ్వి యూరకుండెడివారము. దానిలో మా యత్తగారి పాటలు కలవు.

ఆమెకు చూపు మందగించిన తరువాత, మధ్యాహ్నవేళ వంటయిల్లు సర్దుకొని మేము కంప్యూటరు ముందు కూర్చుండెడివారము. ఆమె చెప్పుచుండగా మేము టైపు చేయుచుంటిమి. నలుగుపాట, తలుపుదగ్గర పాట, అప్పగింతల పాట, ఆవకాయకు ఉప్పుకారముల కొలతలు, బాలింతకు పెట్టు పొడి, ఇవన్నియు నట్లు చేరినవే. ఆమె 2011లో స్వర్గస్థులైరి. ఇంటిలో పెండ్లి వచ్చినపుడు మాత్రము ముసుగు తీసి, కావలసిన పాటను కాగితముపై ఎత్తి వ్రాసికొనుట మా కలవాటు.

ఈ వైశాఖమున మా యాడుబిడ్డ కుమార్తె వివాహము. పదిదినము లున్నదనగా నొక శనివారము సాయంకాలము స్విచ్చి నొక్కితిమి. లోపల ఫ్యాను తిరిగెను. తెర మాత్రము నల్లగానే యుండెను. డబ్బా మూడుమారులు కీచుమని యరచి మిన్నకుండెను.

సోదరీమణులారా! చీర చినిగినచో మరియొకటి కొందుము. గిన్నె సొట్టపడినచో మాటు వేయింతుము. పోయినవారి నోటిమాట పోయినచో నే యంగడికి పోవుదుము?

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మరునాడు ఆదివారమను సంగతియే మరచి, మేముండు నాంపల్లి స్టేషను ప్రాంతమునుండి ఆబిడ్సునకు నడచిపోతిమి. అంగళ్లన్నియు మూసియున్నవి. వాని ముందు కాలిబాటలపై, ఆదివారములందు వాడుక చొప్పున, పాతపుస్తకములు పరచియున్నవి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను నాయన నడపిన యంగడి వలన ఆ ప్రాంతమున కా పేరు వచ్చినదందురు. అంగడి పోయి చాలకాలమైనది. పేరు మాత్రము జనుల నోట నిలిచియున్నది.

ఆ రాసులలో మా చేతికొక పాత పాటల పుస్తకము తగిలెను. మొదటిపుటలో నెవరో యిల్లాలు పెన్సిలుతో తన పేరు వ్రాసికొనియున్నది. అట్ట యూడినది, పుటలు పసుపుబారినవి. అయినను దానిని చదువుటకు విద్యుత్తక్కరలేదు, స్విచ్చి యక్కరలేదు. ఇన్ని సంవత్సరములలో నొక్కనాడైనను ఆ పాటలన్నిటిని అచ్చుతీసి యుంచుకొనకపోతిమే యని సిగ్గుపడి, ఆ పుస్తకమును కొని యింటికి వచ్చితిమి.

సోమవారమునాడు ఆటోలో డబ్బాను వేసికొని యొక దుకాణమునకు పోతిమి. అచ్చటి కుర్రవాడు మూతయైనను విప్పక, “పాతదమ్మా, పారేసి కొత్తది కొనుక్కోండి. కావాలంటే ఫార్మాటు చేసి చూస్తా” ననెను. మాతో వచ్చిన మా మరది కుమారుడు మా చెవిలో, “పెద్దమ్మా, ఫార్మాటంటే పలక తుడిచేసినట్టే!” యనెను. వెంటనే డబ్బా నెత్తుకొని వెనుదిరిగితిమి.

మంగళవారమున నాంపల్లి సందులో రేడియోలును కంప్యూటరులును బాగుచేయు ముసలి సాహెబు నొకరిని ఆశ్రయించితిమి. మా కథయంతయు విని ఆయన, “అమ్మా, డబ్బా వేరు, లోపలి సామాను వేరు. ముందు సామాను బయటికి తీద్దాం. డబ్బా సంగతి తర్వాత” అనిరి. ఆ మాటతో మాకు ప్రాణము లేచివచ్చెను.

ఆయన చేసిన పనిని దగ్గర కూర్చుండి చూచితిమి. మన సోదరీమణులకు పనికివచ్చునని చెప్పుచున్నాము. ముందుగా గోడలోని ప్లగ్గును తీసివేసి, కంప్యూటరు స్విచ్చిని కొన్ని క్షణములు నొక్కిపట్టవలెను; లోపల మిగిలిన విద్యుత్తు చాలవరకు పోవును. తరువాత డబ్బా యొక్క లోహపుచట్రమును చేతితో తాకి, మనయొంటి విద్యుత్తును విడిచి, పని మొదలుపెట్టవలెను. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులుపవలెను. విద్యుత్తు నందించు ఇనుపపెట్టెను మాత్రము మన మెన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసినను దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

కీచుమను నరుపు యంత్రము తన బాధను చెప్పుకొను భాష. ఎన్ని యరుపు లేమి చెప్పునో తయారుచేసినవారిని బట్టి మారును. మాదానిలో తప్పు ర్యామునందుండెను. ఆ సన్నని పలకను తీసి, దాని యంచునగల రాగిబంగారు గీతలను పెన్సిలు రబ్బరుతో సున్నితముగా తుడిచి, రెండువైపుల కొక్కెములు పడువరకు నొక్కి బిగించిరి. రూపాయిబిళ్లవంటి మూడువోల్టుల బ్యాటరీని, సీఆర్ 2032 అను దానిని, క్రొత్తది వేసిరి. అది నీరసించినచో యంత్రము తేదీని మరచును. ఏ భాగమునుండి మేలుకొనవలెనో యను సంగతిని సైతము మరవవచ్చును.

స్విచ్చి నొక్కగా తెర వెలిగెను. తేదీ చూడగా 2003వ సంవత్సరము! మా యత్తగారు వంటింటిలో తిరుగాడుచున్న కాలమది. ఒక్క క్షణము కన్నులు చెమర్చినవి. కాని సగములోనే యంత్రము మరల నిలిచిపోయెను. సాహెబు దీపము పట్టి మదర్‌బోర్డుపై చిన్నచిన్న గొట్టములవంటి కెపాసిటర్లను చూపిరి. వాని తలలు పూరీలవలె నుబ్బియున్నవి. 2000 తరువాతి కొన్నియేండ్లలో పలువురు తయారీదారుల యంత్రములకు పట్టిన జాడ్యమే యిది. మార్చవచ్చును గాని జాగగును. అందుచేత నాయన హార్డుడిస్కును విప్పి, వేరొక కంప్యూటరునకు తగిలించి, దానిలో నున్న దంతయు నకలు తీసిరి.

అంతటితో కష్టము తీరలేదు. పాటలు తెరచినచో తెలుగునకు మారుగా ఇంగ్లీషు గిలుకులు! ఆ రోజులలో తెలుగు అక్షరరూపములను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో నమర్చి టైపు చేయుచుండిరి. ఆ ఫాంటు లేనిచో వ్రాత చదువరాదు. యూనికోడులో ప్రతి యక్షరమునకును తనదైన సంఖ్య కలదు గావున నా చిక్కు లేదు. అదృష్టవశమున మా డిస్కులోనే పాత ఫాంటు దొరకెను. దానిని వేయగానే అక్షరము లన్నియు గుంపుగా ఇంటికి వచ్చినట్లు కనబడెను. మరది కుమారుడు రెండురాత్రులు కూర్చుండి వానిని యూనికోడులోనికి మార్చెను.

అప్పగింతల పాట సంపూర్ణముగా నున్నది. తలుపుదగ్గర పాట మాత్రము నడుమ నాగిపోయెను. దాని క్రింద మా చేతితోనే “తక్కినది రేపు” అని టైపు చేసియున్నది. డిస్కంతయు గాలించితిమి. ఆ రేపు దానిలో లేదు. యంత్రము మేమిచ్చిన దంతయు నక్షరము పోకుండ మరల నిచ్చినది. మేమడుగక పోయినదాని నెట్లు తెచ్చియీయగలదు?

పెండ్లికి మా యత్తగారి చెల్లెలు వచ్చిరి. ఆమెకు 84 ఏండ్లు. విడిదిలో నామె ప్రక్కన కాగితము పట్టుకొని కూర్చుంటిమి. తక్కిన చరణములలో రెండు చెప్పిరి. మూడవదానికి మాటలు జ్ఞప్తికి రాక వరుస మాత్రము కూనిరాగము తీసిరి. రెండును వ్రాసికొని, వరుసను ఫోనులో పట్టుకొంటిమి.

ఇపుడా పాటలు కాగితముపై నొకప్రతి, వేరొక డిస్కులో నొకప్రతి, ఆడుబిడ్డగారి యింట నొకప్రతి యున్నవి. పాత డబ్బాపై ముసుగు మరల కప్పితిమి. సోదరీమణులారా! మీ యింటను అట్టి డబ్బా యున్నచో నీ వారమే తెరచి చూడుడు. చెప్పగల పెద్దలున్నచో “తక్కినది రేపు” అని మాత్రము వ్రాయకుడు.